కెరమెరిల వాన పడ్తాందా

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు డాక్టర్ దగ్గరికి పొమ్మని కసురుకునే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లూ మనసొప్పలేదు.

ఇచ్చోడలో మాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పేరుకు నాది, నడిపింది నా భార్య లత. నేను ప్రింటర్లు బాగుచేస్తూ ఊర్లు తిరుగుతాను. ఎక్కువగా ఆసిఫాబాద్, బండి మీద, కొండ మలుపుల కెరమెరి ఘాట్ దాటి.

లతది హుస్నాబాద్. వాన పడుతోందనడానికి వాళ్లు "పడ్తాంది" అంటారు. మా దిక్కు "పడ్తున్నది". పెళ్లయిన నాటి నుంచి ఆ ఒక్క మాట పట్టుకుని ఆమెను వెక్కిరించేవాణ్ణి.

"గిది ఆదిలాబాద్. ఈడ పడ్తాంది అంటే వాన పడది" అనేవాణ్ణి.

"గట్లయితే మీ వాన మీరే పెట్టుకోండ్రి" అనేది.

నేను బండి తీసిన ప్రతిసారీ కంప్యూటర్లో తెలుగులో ఒకటే మాట కొట్టేది: "కెరమెరిల వాన పడ్తాందా". ఆ మాట దానికి అర్థం కాక ఏవో వంట వీడియోలు చూపెట్టేది. "ఇంత పెద్ద మిషన్‌కు గింత తెల్వది" అని తిట్టి, మళ్లీ అదే కొట్టేది. చివరికి నాకు ఫోన్ చేసి "జర ఆగి పో" అనేది. వాన ఉన్నా అదే మాట, లేకున్నా అదే మాట.

సెంటర్‌కు వచ్చినవాళ్లు బ్యాంకు, ఆధార్, పరీక్ష ఫలితాలు అన్నీ మా కంప్యూటర్లోనే చూసుకుంటారు. ఒకరి సంగతి ఇంకొకరి కంట పడొద్దని, బ్రౌజర్ మూయగానే చూసిందీ కొట్టిందీ అంతా చెరిగిపోయేలా లత సెట్టింగ్ పెట్టింది. కుర్చీలోంచి ఒకరు లేచి ఇంకొకరు కూర్చునేలోపు బ్రౌజర్ బంద్ చేయాల్సిందే. మరిచిపోతే నన్ను కూడా అందరి ముందే కడిగేసేది.

మొన్నటి వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. ఆదిలాబాద్ దవాఖానకు తీసుకుపోయాను. ప్రాణంతో తిరిగి తీసుకురాలేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

కొన్నాళ్లకు పాత కంప్యూటర్ మొరాయించింది. లత తమ్ముడు, మా బామ్మర్ది, కొత్తది తెచ్చాడు. పాతదానిలోని ప్రైవసీ సెట్టింగులు ఉన్నవి ఉన్నట్టు కొత్తదానిలోకి రావాలని పట్టుబట్టాను. ఆమె చేత్తో పెట్టినవి అవే మిగిలాయి మరి. ముందు పాతదానిలో అంతా వెతికాను, ఆమె కొట్టిన ఒక్క మాటైనా దొరుకుతుందేమోనని. ఏమీ లేదు. ఆమె పెట్టిన సెట్టింగే ఆమెను చెరిపేసింది. సెట్టింగుల ఫైలు ఒక్కటీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొత్తదానిలో పెట్టాను.

అప్పుడు పట్టపగలు. కొత్తదానికి ఇంకా నెట్ వైరు కూడా పెట్టలేదు. బామ్మర్ది బయట చాయ్ తాగుతున్నాడు. సెట్టింగులు వచ్చాయో లేదో చూద్దామని బ్రౌజర్ తెరిచి, ఊరికే "కరెంటు బిల్లు" అని కొట్టబోయాను. "క" పడగానే దాని కింద, ముందు కొట్టిన మాటలు కనిపించే చోట, ఒక వరుస వచ్చింది.

కెరమెరిల వాన పడ్తాందా.

నా వేళ్లు ఆగిపోయాయి. బామ్మర్దిని పిలిచాను. వచ్చి చూసి, మొహం తుడుచుకున్నాడు.

"బావా, గిది మా అక్కనే. బంద్ చెయ్యకు. ఫోన్ బండిల ఉంది, తెస్త, ఫోటో తీద్దాం" అని ఉరికాడు. నా ఫోన్ ఇంట్లో ఉండిపోయింది.

అంతలో ఒక ముసలవ్వ లోపలికి వచ్చింది. "బిడ్డా, నా ఆధార్ కాయిదం జర తీసియ్యి" అంది.

"కూసో అవ్వా" అంటూ కుర్చీలోంచి లేచాను. లేస్తూ లేస్తూ, లత నేర్పిన అలవాటు కొద్దీ, నా చెయ్యి బ్రౌజర్ బంద్ చేసింది.

బామ్మర్ది ఫోన్ పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాడు. మళ్లీ తెరిచి "క" కొట్టాను. ఎన్నిసార్లు కొట్టానో నాకే తెలియదు. కింద ఏమీ రాలేదు. ఆ అవ్వ ముందే ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరి పోయింది.

తెలిసినవాళ్లను అడిగాను. పాతదాని నుంచి వచ్చి ఉంటుందన్నారు. పాతదానిలో లేనిది ఎట్లా వస్తుంది? నెట్ నుంచి వచ్చి ఉంటుందన్నారు. నెట్టే లేదు. బామ్మర్ది కొట్టి ఉంటాడని కూడా అన్నారు. డబ్బా విప్పింది నేనే, అతను కీబోర్డు ముట్టలేదు. దయ్యమని మాత్రం ఇప్పటికీ అనను.

ఆ తర్వాత ఆసిఫాబాద్ పోవాల్సి వచ్చింది, ఆమె పోయాక మొదటిసారి. ఘాట్ ఎక్కుతుంటే సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఆగమని చెప్పే ఫోన్ రాలేదు. నేనే బండి ఆపి, తడుస్తూ నిలబడి, ఎవరూ లేని ఆ రోడ్డు మీద గట్టిగా చెప్పాను.

"పడ్తాంది లతా. పడ్తాంది."