బండి పోయినాక దోవ మనది

మా ఊరి పక్కన రైలు పట్టాలు ఒక్క జతే ఉన్నన్నాళ్ళూ మాకొక చట్టం ఉండేది. అది యాడా రాసి లేదు. బండి పోయినాక దోవ మనది. ఒక బండి మా ఊరు దాటిందంటే, అది అవతలి స్టేషను చేరేదాకా ఆ పట్టాల మీదికి ఇంకో బండిని వదలరు. ఈ సంగతి గొర్రెలు కాసేవాళ్ళకూ, కట్టెల మోపులెత్తుకొచ్చే ఆడవాళ్ళకూ, చంటిపిల్లను చంకనేసుకున్న తల్లికీ తెలుసు. గూడ్సు వస్తే పట్టాల మట్టికట్ట కింద నిలబడేవాళ్ళం. చివరి గార్డు పెట్టె పోతూనే నడిచేవాళ్ళం. అప్పుడు కూడా అటూ ఇటూ చూసేవాణ్ణి పిరికోడని ఎగతాళి చేసేవాళ్ళు.

మా అక్క మొగుడు, మా బావ, ఈ చట్టం తప్పి ఎరగడు. గూడ్సు వచ్చేటప్పుడు చేతికర్రను ముందుండే పొట్టేలు మెడకు అడ్డంగా పట్టుకొని, "ఆగబ్బా, పెద్దాయనను పోనీ" అనేవాడు. గార్డు పెట్టె దాటినాక కర్ర పైకెత్తేవాడు. కర్ర లేస్తే చాలు, మందంతా కట్టెక్కి ఆ పక్కకు దిగిపోయేది. మా చెరువు ఎండిపోయి ఏండ్లయింది. పట్టాలకు అవతల ఒక రైతు తన బోరు కింద తొట్టి కట్టించి, ఎవరి జీవాలైనా తాగచ్చని చెప్పినాడు. బావ మందకు ఆ తొట్టి తప్ప వేరే నీళ్ళు లేవు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ కట్ట దాటాల్సిందే. దాటలేని రోజు మంద లేదు, మంద లేకుంటే బావ లేడు.

నేను మూడో తరగతితో బడి మానేసినోణ్ణి. తరువాత చదివిందంతా చెనిక్కాయ చేని గట్టున కూర్చొని నాకు నేనే చదువుకున్నాను. ఊర్లోకి ఏ కాగితమొచ్చినా నా చేతికే వచ్చేది. ఆ గర్వం నాకు బాగా ఉండేది.

జోడు లైను కావాలని అరిచినోళ్ళలో నేనే మొదటోణ్ణి. తొంభైలు ముగిసేనాటికి ఆ ఒంటి పట్టాల మీద బండ్లు ఎక్కువైపోయినాయి. బొగ్గు, సిమెంటు, ముడి ఇనుము. ఎదురుగా గూడ్సు వస్తాండాదంటే మా పాసింజరును స్టేషన్లో పక్క లైనులోకి తోసి నిలబెట్టేవాళ్ళు. ఎండాకాలంలో ఇనుప పెట్టెలో గంటసేపు, రెండు గంటలు. ఒకసారి నా పక్కన కూర్చున్న కూలాయన కిటికీలోంచి తల బయటపెట్టి అడిగినాడు.

"ఏమన్నా, డ్రైవరు పెండ్లిచూపులకు గానీ పోయినాడా?"

కింద పచ్చజెండా పట్టుకొని నిలబడినాయన నవ్వలేదు. "గూడ్సు రావల్ల."

"అది పెద్దింటి అల్లుడు లేప్పా. మనం కూలోళ్ళం. పక్కకు తప్పుకొని నిలబడాల్సిందే."

పెట్టె పెట్టంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మనిషి కంటే బొగ్గుకు తొందరెక్కువ అయిందే అని కడుపు మండింది. అర్జీలు రాసినాను. నా అర్జీలు చూసే రెండో లైను వచ్చిందనుకునేంత పిచ్చోణ్ణి కాను గానీ, పని మొదలైనప్పుడు మాత్రం నేనే గెలిచినట్టు తిరిగినాను.

కరువు రోజులు. కట్ట వెడల్పు చేసేదానికి మా ఊరోళ్ళందరికీ కూలి దొరికింది. ఎర్రమట్టి పోసినారు, కంకర పరిచినారు, కొత్త పట్టాలు వేసినారు. ఆ తరువాత ఎందుకో నెలల తరబడి వాటి మీద బండి నడపలేదు. పట్టాలు తుప్పెక్కినాయి. గొర్రెలు ఆ కంకర మీద పడుకొని నెమరేసేవి. ఆడవాళ్ళు మోపు దించి, ఆ పట్టా మీద కూర్చొని ఆకూవక్క వేసుకునేవాళ్ళు. అది కూడా దోవలో భాగమైపోయింది.

ఒకరోజు స్టేషను గోడకు కాగితం అంటించినారు. ఫలానా తారీకు నుంచి రెండు మార్గాల మీదా బండ్లు నడుస్తాయని. నేను చదివి, ఆ మాట మోసుకొని నేరుగా టీ అంగడికి వచ్చినాను.

"ఇంక మన పాసింజరు యాడా నిలబడదు. పోయే బండి ఒక పట్టా మీద, వచ్చే బండి ఇంకో పట్టా మీద!"

బావ ఆడనే టీ తాగుతాండాడు. గ్లాసు కింద పెట్టి అడిగినాడు: "అయితే మన గొర్రెలకేమన్నా ఇబ్బందా అప్పా?"

"నీ గొర్రెలకేమి బావా? బండ్లు బిరబిరా పోతాయి. నువ్వు బిరబిరా దాటుకోవచ్చు."

చదువుకున్నోడు చెప్పినాడని అందరూ తలూపినారు. బావ కూడా ఊపినాడు.

తరువాత నాలుగో రోజో అయిదో రోజో, పొద్దున నేను చేన్లో ఉండగా బండి కూత వినిపించింది. ఆగకుండా, ఒకటే కూత. పరిగెత్తినాను.

బావ ఎప్పటి మాదిరే నిలబడినాడు. పొడుగాటి గూడ్సు పోయింది. గార్డు పెట్టె పోయింది. కర్ర ఎత్తినాడు. మంద కట్టెక్కింది. గూడ్సు మోత ఇంకా చెవుల్లో ఉండగానే, దాని చాటునుంచి ఎదురు దిక్కుగా పాసింజరు వచ్చింది. కొత్త పట్టా మీద.

నేను పోయేసరికి పాసింజరు దూరంగా ఆగి ఉండాది. జనం దిగి చూస్తాండారు. మందలో సగానికి పైగా పోయింది. వెనక పడిన గొర్రెపిల్లలు మాత్రం ఇటు పక్క కట్ట కింద మిగిలి, తల్లుల కోసం అరుస్తాండాయి. బావ రెండు లైన్ల నడుమ నిలబడి ఉన్నాడు. కర్ర ఇంకా పైకే ఉంది.

"బండి పోయింది గదప్పా," అన్నాడు నన్ను చూసి. "పోయినాకనే తోలినాను."

మధ్యాహ్నానికి రైల్వే పోలీసులు బావను స్టేషనుకు తీసుకుపోయినారు. గొర్రెలు పోయినాయని సానుభూతి చెప్పేదానికి కాదు. రైల్వే జాగాలో జొరబడినాడని, బండికి ఆటంకం చేసినాడని. వెంట పోయిన నా ముందర ఒక అధికారి పటం పరిచినాడు.

"ఇక్కడ దారే లేదు. చూడండి."

"మా నాయన కాలం నుంచి నడుస్తాండాం సార్. రెండో లైను వేసేటప్పుడు మీ మనుషులు ఈ దోవలోనే గదా నీళ్ళు మోసుకున్నారు? కట్ట కింద ఒక చిన్న కంత పెట్టింటే జీవాలు దాటిపోయేవి."

"పటంలో లేని దారికి కంత ఎలా పెడతామయ్యా?"

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా కోపం చల్లారదు. వాళ్ళ పటంలో వాగులు వంకలుండాయి, రాళ్ళుండాయి, మైలురాళ్ళుండాయి. మనుషుల కాళ్ళు మాత్రం లేవు.

వాళ్ళే ఒక వాంగ్మూలం రాసి తెచ్చినారు. బావ వేలిముద్ర వేసే ముందు నేను చదివినాను. రెండు మార్గాల మీదా బండ్లు నడుస్తున్నాయని తెలిసి కూడా మందను తోలినాను, అని ఉంది.

"ఈ తెలిసి కూడా అనేది కొట్టేయండి," అన్నాను.

"కొట్టేస్తే మళ్ళా రాయల్ల పెద్దాయనా. సార్ వెళ్ళిపోతాడు. రాత్రికి ఈడనే ఉంటారా?" అన్నాడు రాసుకొచ్చిన పోలీసాయన.

బావ నా వైపు తిరిగినాడు. "ఏం రాసినారప్పా?"

చదివి వినిపించినాను. బావ మెల్లగా, "నీకు తెలుసునా?" అన్నాడు.

"కాగితం చదివినాను బావా. అంతే. ఇట్లయితాదని తెలీలేదు."

ఆయన వేలు సిరా దిండు మీద పెట్టినాడు.

తల్లుల్లేని గొర్రెపిల్లల్ని బతికించాలని మా అక్క మేకపాలు పట్టి చూసింది. కొన్ని తాగినాయి, కొన్ని తాగలేదు. మిగిలినవాటిని మడకశిర పక్కనుంచి వచ్చిన గొర్రెలాయనకు ఇచ్చేసినారు. బావ టమోటా మండీలో గంపలు మోసేదానికి పోయినాడు. నాతో మాట్లాడేవాడు. బాగున్నావా అంటే బాగున్నాననేవాడు. ఎప్పుడూ ఒక్క మాట తూలలేదు. తిట్టింటే బాగుండేది.

కంత కోసం ఎన్ని అర్జీలు రాసినానో. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకని పొద్దున పూట నేనే పోయి కట్ట కింద నిలబడేది మొదలుపెట్టినాను. దాటేవాళ్ళకు చెప్పేవాణ్ణి, ఇంకో పక్క కూడా చూడండప్పా అని. రైల్వేవాళ్ళు నీకు జీతమెంత ఇస్తాండారని ఊరోళ్ళు ఎగతాళి చేసినారు.

ఒకరోజు ఒక అవ్వ కట్టెల మోపుతో వచ్చింది. గూడ్సు పోయింది. ఆమె కట్టెక్కబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఆగవ్వా, ఇంకోటి రావచ్చు."

"బండి పోయింది గదరా!"

వదల్లేదు. ఇద్దరమూ ఎండలో నిలబడినాం. ఎంతసేపైనా ఏ బండీ రాలేదు. అవ్వ నా చెయ్యి విదిలించుకొని, "చదువుకుంటే ఇంత భయమా నాయనా," అంటా నవ్వుకుంటా కట్టెక్కింది. అటు చూడలేదు, ఇటు చూడలేదు.