స్వీట్‌లో ఆలివ్

మా సప్పర్ క్లబ్బులో, అంటే రాత్రి భోజనం, బారు ఒకే కప్పు కింద ఉండే మా ఊరి హోటల్లో, బారు వెనక నిలబడే మనిషి ఆర్డిస్ కూబియాక్. నేను వంటింట్లో చేపలు వేయిస్తాను. వంటింటికీ బారుకూ మధ్య పళ్లేలు అందించే కిటికీ ఒకటుంది. దాంట్లోంచి నాకు ఎక్కువగా కనిపించేవి ఆమె చేతులు. అందుకే ఆమె గురించి చెప్పమంటే చేతుల దగ్గరే మొదలుపెడతాను.

శుక్రవారం సాయంత్రం మా విస్కాన్సిన్ ఊళ్లలో వేయించిన చేప తినాలి, చేపకు ముందు ఓల్డ్ ఫ్యాషన్డ్ తాగాలి. గ్లాసు అడుగున చక్కెర బిళ్ల, నారింజ ముక్క, చెర్రీ వేసి, వాటి మీద బిటర్స్ అనే చేదు చుక్కలు విదిల్చి, కర్రతో నలిపి, ఐసు, బ్రాందీ, పైన సోడా. తీపి సోడా పోస్తే అది స్వీట్. పుల్ల సోడా పోస్తే సోర్. స్వీట్ మీద చెర్రీ ఉంటుంది, సోర్ మీద ఉప్పునీళ్లలో ఊరిన ఆలివ్ కాయ ఉంటుంది. ఇది మా ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పరు. కుడిచెయ్యి ఏదో ఎడమచెయ్యి ఏదో తెలిసినట్టు తెలుస్తుంది.

ఆర్డిస్‌కి కూడా ఎవరూ ఏమీ నేర్పలేదు. పళ్లేలు మోసే పనికి వచ్చింది. అప్పటి బారు మనిషి నడుము పట్టేసి మంచాన పడితే, ఆ పూటకని నిలబడి, అక్కడే ఉండిపోయింది. తాగి పెట్టేసిన గ్లాసుల్ని కడిగేముందు ఆగి చూసేది. ఏది ఖాళీ అయింది, దేంట్లో సగం మిగిలింది, మిగిల్చినవాడి ముఖం ఎలా ఉంది. "ఖాళీ కాని గ్లాసే నాకు బడి" అని ఒకసారి నాతో అంది. ఆమె మాట్లాడిన పెద్ద వాక్యాల్లో అదొకటి. బారు మూలన కూర్చునే గోర్డీ, రిటైరైన కలప లారీ డ్రైవరు, రోజూ వేళాకోళం ఆడేవాడు.

"ఏంటి ఆర్డిస్, ఇవాళ్టికి మాటల కోటా అయిపోయిందా?"

"నీకోసం దాచుకోలేదు" అనేది ఆమె, తల ఎత్తకుండా.

కానీ గోర్డీ కూడా ఒప్పుకునే సంగతి ఒకటుంది. ఇన్నేళ్లలో ఆర్డిస్ చేతిలోంచి తప్పు గ్లాసు ఒక్కటీ రాలేదు.

ఆ ఏడాది ఈస్టరుకు ముందు మాంసం మానే లెంటు రోజులు మొదలైన శుక్రవారం, జనం రాకముందే మార్నీ వచ్చి బారు ముందు కూర్చుంది. చీజ్ ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసే పిల్ల. భర్త డేల్. అత్త బెవ్ సంగతి తర్వాత చెబుతాను. కిటికీ దగ్గర పిండి కలుపుతున్నాను కాబట్టి వాళ్ల మాటలు నాకు వినపడ్డాయి.

"ఎప్పటిదేనా?"

"ఎప్పటిదే. కానీ, అది లేకుండా."

ఆర్డిస్ చేతిలో కర్ర ఆగిపోయింది. ఆమె మార్నీ కడుపు వైపు చూడలేదు. ముఖం వైపు చూసింది.

"బెవ్‌కి తెలుసా?"

"డేల్‌కి తప్ప ఎవరికీ తెలీదు. ఈసారి ఫరవాలేదని డాక్టరు అనేదాకా ఎవరికీ చెప్పను. ఆ గిన్నెలు మళ్లీ కడగడం నావల్ల కాదు ఆర్డిస్."

గిన్నెల సంగతి మా అందరికీ తెలుసు. మార్నీకి అంతకుముందు రెండుసార్లు కడుపు నిలబడలేదు. రెండుసార్లూ కబురు ఈ బారులోనే ముందుగా పొక్కింది, ఊరంతా చప్పట్లు కొట్టింది. తర్వాత ఊరంతా వండిన కూరల గిన్నెలు తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టింది. మా దగ్గర ఓదార్పు అంటే అదే. గిన్నె అడుగున టేపు మీద ఇంటి పేరు రాసి ఉంటుంది. తిని, కడిగి, ఎవరిది వాళ్లకి తిరిగి ఇవ్వాలి. మార్నీ ఒక్కో ఇంటి మెట్టెక్కి, ఒక్కో గిన్నె చేతికిచ్చి, "బాగానే ఉన్నాను" అని చెప్పుకుంటూ వీధులన్నీ తిరిగింది.

"నీళ్లు తాగితే?" అంది ఆర్డిస్.

"శుక్రవారం నాడు పెళ్లైన పిల్ల చేతిలో నీళ్ల గ్లాసా? బారు ఈ చివర్నించి ఆ చివరికి వెళ్లేలోపు ఉయ్యాల కొనేస్తారు."

చక్కెర, నారింజ, చెర్రీ, చేదు చుక్కలు ఆర్డిస్ ఎప్పట్లాగే వేసింది. బ్రాందీ బదులు ఆపిల్ రసంలో కాస్త చల్లటి టీ కలిపింది. రంగు కుదిరింది. మార్నీ గ్లాసు వెలుతురుకెత్తి చూసి, తాగి, చాలా రోజుల తర్వాత భుజాలు వదులు చేసి కూర్చుంది. ఆ సాయంత్రం ఎవరికీ అనుమానం రాలేదు.

వారం మొదట్లో బారు మూసి ఉండే రోజున ఆర్డిస్ అలమరలు కడుగుతోంది. నేను నూనె మారుస్తున్నాను. చేదు చుక్కల సీసా ఒకటి పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. సీసాకి చుట్టిన కాగితం తడిసి ఊడిపోతోంది.

"ఇది చదువు. నా కళ్లు నమ్మలేకపోతున్నాను."

చదివాను. ఆ సీసాలో ఉన్న మద్యం బ్రాందీ కన్నా ఘాటు.

మా ఊళ్లో ఎవర్నడిగినా ఆ చుక్కలు మందే అంటారు. ఎక్కిళ్లొస్తే ఆ చుక్కలే, కడుపుబ్బరానికీ అవే. వేవిళ్లతో కుదేలైన కోడలికి సోడాలో వేసిచ్చేదీ అవే. ఆర్డిస్ తన కొడుకుని మోసినప్పుడు వాళ్లమ్మ రోజూ పొద్దున్నే ఇచ్చిందట. ఇంతకాలం వాటిని చేత్తో విదిల్చిన మనిషి కూడా వాటిని తాగుడు లెక్కలో వేసుకోలేదు.

"నాలుగు చుక్కలేగా" అన్నాను.

"నాలుగా నలభయ్యా అని కాదు. లేకుండా చెయ్యమంది. లేకుండా చేశానన్నాను."

ఏప్రన్ విప్పి, కొక్కేనికి తగిలించి, కారు తీసింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర జరిగింది నాకు తర్వాత మార్నీయే చెప్పింది. పని దిగి, జుట్టు మీద వల టోపీ ఇంకా తియ్యకుండానే బయటికొచ్చేసరికి ఆర్డిస్ నిలబడి ఉంది. చుట్టూ తిప్పకుండా ఒక్క ముక్కలో చెప్పేసింది. మార్నీ ముఖం పాలిపోయింది.

"నిన్ను నమ్మి తాగాను కదా!"

"అవును."

"అంతేనా? అవును అంటే సరిపోతుందా?"

"సరిపోదు. నర్సుకి ఫోన్ చెయ్యి. నేనిక్కడే ఉంటాను."

మార్నీ కారులో కూర్చుని తలుపు వేసుకుని క్లినిక్కుకి ఫోన్ చేసింది. ఆర్డిస్ బయట మంచులో నిలబడింది. నర్సు ఓపిగ్గా అంతా విందట. గర్భంతో ఉన్నప్పుడు ఇంత తాగితే ఫరవాలేదనే లెక్క లేదు కాబట్టి ఇకమీదట అసలు వద్దు అంది, డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పమంది. అయితే ఒక్కసారి పడిన నాలుగు చుక్కల గురించి నిద్ర మానుకోవద్దంది. మార్నీ కళ్లు తుడుచుకుని అద్దం దించింది.

"భయపడొద్దంది. ఇక వద్దంది."

ఆర్డిస్ తలూపింది.

"మరి శుక్రవారం నా చేతిలో ఏం పెడతావు? ఖాళీ గ్లాసా?"

"శుక్రవారానికి చెప్తాను."

ఆ వారమంతా నా పొయ్యి నాది కాదు. ఆర్డిస్ మొదట సీసాలన్నీ దించి చీటీలు చదివింది. కొత్తగా వచ్చిన చెర్రీల డబ్బా బ్రాందీలో నానినది, తీసేసింది. వెనిల్లా ఎసెన్సు కూడా మద్యంలో తీసినదే, అదీ పక్కకు పోయింది. 'మద్యం లేని బీరు' అని రాసుకున్న డబ్బా మీద కింద చిన్న అక్షరాల్లో 'కొద్దిగా ఉంటుంది' అని ఉంది. "లేనిది కొద్దిగా ఎలా ఉంటుంది?" అని దాన్నీ తోసేసింది. పాకంలో ఊరిన చెర్రీలు వేరే జాడీలో పెట్టింది.

ఇక మిగిలింది చేదు. చక్కెర మాడిస్తే చేదొస్తుందని వంటవాళ్లందరికీ తెలుసు. ఎక్కడ ఆపాలో చేత్తో తెలియాలి. మొదటిది త్వరగా దించింది, వట్టి తీపిగా ఉంది. రెండోది బొగ్గు. తర్వాతిది పొగ లేవబోతుండగా దించి వేడి నీళ్లు పోస్తే భుస్సుమని ఎగిరి నా చొక్కా మీద పడింది. అందులో నారింజ తొక్క, దాల్చినచెక్క, దంచిన అల్లం వేసి మరిగించి వడగట్టింది. గొంతు దిగేటప్పుడు బ్రాందీ పట్టినట్టు పట్టాలని ఆపిల్ వెనిగర్ చెంచాతో కొలిచి వేసింది. నా చేతికి గ్లాసిచ్చింది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుంది అనేది రుచి కాదు. ఎక్కడ తగులుతోంది?"

"నాలుక వెనక. తర్వాత గొంతులో."

"ఊఁ" అంది. ఆమె నోటి నుంచి అది పొగడ్తే.

పానీయం ఎంత బాగా కుదిరిందంటే, దాని పక్కన అసలుది పెడితే చూపుకి ఆర్డిస్‌కే తేడా తెలియలేదు. అప్పుడామెకు కొత్త భయం పట్టుకుంది. శుక్రవారం రద్దీలో బల్ల మీద వరసగా గ్లాసులుంటాయి. చెయ్యి ఒక్కసారి తడబడితే? ముందొకసారి తెలియక చేసింది. ఈసారి తెలిసీ చేసినట్టవుతుంది. అందుకని గుర్తు పెట్టుకుంది. మార్నీ స్వీట్ మీద చెర్రీ ఉండదు, ఆలివ్ ఉంటుంది.

"స్వీట్ మీద ఆలివ్వా?" నాకు నోరు పులిసింది.

"ఈ ఊళ్లో ఎవడూ అడగడు. అందుకే చెయ్యి పొరబడదు."

శుక్రవారాలు గడిచాయి. మార్నీ గోడ వైపు మూల స్టూలు పట్టుకునేది, రాగానే ఆలివ్ నోట్లో వేసుకునేది. అందరూ చేప మీద ధ్యాసతో ఉండేవాళ్లు. ఈస్టరు దగ్గరపడిన ఒక శుక్రవారం మాత్రం బారు కిటకిటలాడింది. గోర్డీకి చేప లాటరీలో బహుమతి తగిలి అందరికీ ఒక రౌండు కొన్నాడు. మా దగ్గర ఎవరైనా నీకు డ్రింకు కొంటే నీ ముందు చిన్న గ్లాసు బోర్లిస్తారు, నీకొకటి రావాల్సి ఉందని. బారు పొడుగునా బోర్లించిన గ్లాసులే. మార్నీ పక్కన ఆ రోజు అత్త కూర్చుంది.

బెవ్ మంచి మనిషి. కానీ బెవ్‌కి ఒక మాట చెబితే దండోరా వేయించినట్టే. మొదటి రెండుసార్లూ బారులో స్టూలెక్కి నిలబడి చెప్పింది ఆమే.

ఆర్డిస్ గ్లాసులు తెచ్చి పెట్టింది. మార్నీ చెయ్యి చాచేలోపే బెవ్ ఆ గ్లాసు మీదికి వంగింది.

"ఇదేంటే అమ్మాయ్? నీది స్వీట్ కదా, ఆలివ్ ఏంటి?"

గోర్డీ విన్నాడు. వాడికి పండగ. "ఏదీ, ఏదీ! ఒరేయ్, రండిరా! ఆర్డిస్ తప్పు చేసింది! స్వీట్‌లో ఆలివ్ వేసింది! ఇది చూడకుండా చచ్చిపోతాననుకున్నాను!"

బారంతా ఇటు తిరిగింది. మార్నీ గ్లాసు అంచు పట్టుకుని బిగుసుకుపోయింది. నేను కిటికీలో చిల్లుల గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఒక్క మాటతో ఆర్డిస్ తన పేరు నిలబెట్టుకోవచ్చు. ఆమె గుడ్డతో చేతులు తుడుచుకుంది.

"అవును. తప్పే. కళ్లద్దాలు మార్చుకోవాలి."

నవ్వులు పైకప్పుకెగిశాయి. "ముసలిదైపోయింది", "ఇక నీళ్లు పొయ్యడం మొదలెట్టు" అని తలా ఒకటి అన్నారు. ఆర్డిస్ అన్నీ నిలబడి పుచ్చుకుంది.

బెవ్ మాత్రం నవ్వలేదు. ఆర్డిస్‌ను చూసింది. ఆలివ్‌ను చూసింది. గ్లాసు మీద కోడలి వేళ్లు ఎలా ఉన్నాయో చూసింది. ఆర్డిస్ తప్పు చెయ్యదని మా ఊళ్లో గోర్డీకన్నా బాగా తెలిసిన మనిషి బెవ్. పెళ్లిలో, చావులో, అన్నిట్లో ఆ చేతి గ్లాసే తాగింది. ఆమె నోరు తెరిచింది. మార్నీ కళ్లు మూసుకుంది.

"తప్పైతే తప్పేలే" అంది బెవ్. "నాకూ ఆ తప్పే చేసిపెట్టు ఆర్డిస్. అచ్చం అలాగే."

"అచ్చంగానా?"

"అచ్చంగా."

ఆర్డిస్ వంగి, మార్నీ కోసం కాచిన చేదు నింపి బల్ల కింద దాచిన చిన్న సీసా తీసింది. బెవ్ ఒక గుక్క తాగి, మింగి, బ్రాందీ వెచ్చదనం కోసం ఆగింది. అది రాలేదు. ఆమె కళ్లు నిండాయి.

"ఏంటి బెవ్, అంత ఘోరంగా ఉందా?" అన్నాడు గోర్డీ.

"ఘాటుగా ఉంది. నువ్వు నోరు మూసుకుని చేప తిను."

బల్ల కింద ఆమె చెయ్యి మార్నీ మోకాలి మీదికి వెళ్లింది. కిటికీలోంచి నాకంతే కనిపించింది.

ఆ తర్వాత బెవ్ శుక్రవారాలన్నీ అదే తాగింది. తన పక్కన కోడలి గ్లాసు వింతగా కనపడకుండా. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె అంత నిశ్శబ్దంగా ఉండేసరికి ఒంట్లో బాగాలేదేమోనని ఊళ్లో గుసగుసలు పుట్టాయి. ఈలోగా గోర్డీ, అదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని, తనకూ స్వీట్‌లో ఆలివ్ కావాలన్నాడు. ఆర్డిస్ ముఖం కదపకుండా బ్రాందీ పోసి, ఆలివ్ వేసి ఇచ్చింది. మార్నీ గుర్తు ఆ రోజు నుంచి రెండు ఆలివ్‌లైంది.

సరస్సు మీద మంచు విరిగిపోయాక, తలుపులు తెరిచి ఉంచే వాతావరణం వచ్చాక, ఒక శుక్రవారం మార్నీ మధ్య స్టూలు మీద కూర్చుంది. కోటు బొత్తాలు పెట్టుకోలేదు. పెట్టుకుందామన్నా అందవు.

"ఆర్డిస్, ఒక స్వీట్. లేకుండా!" అని అందరికీ వినపడేలా అడిగింది.

ఆ రోజు మా పైకప్పు ఎలా ఆగిందో నాకు తెలియదు. బెవ్ స్టూలెక్కలేదు. కూర్చునే ఏడ్చింది.

ఆకులు రాలే కాలంలో పాప పుట్టింది. గుమ్మంలోకి మళ్లీ గిన్నెలొచ్చాయి. కడిగింది డేల్. ఇంటింటికీ తిరిగి ఇచ్చింది బెవ్. ఒక్కో ఇంటి దగ్గర ఎంతసేపు కూర్చుందో చెప్పక్కర్లేదు.

చిన్న సీసా ఇప్పుడు బల్ల కింద లేదు, పైన అలమరలో అందరికీ కనిపించేలా ఉంది. ఏ కారణంతో అడిగినా ఆర్డిస్ కారణం అడగదు. అందులోంచి పోసిస్తుంది. గోర్డీ మాత్రం వేసవిలో కొత్తవాళ్లు రాగానే మొదలుపెడతాడు.

"ఈవిడ జన్మలో ఒక్కటే తప్పు చేసింది. నేను కళ్లారా చూశాను. స్వీట్‌లో ఆలివ్ వేసింది!"

అప్పుడు బెవ్ దగ్గుతుంది. ఆర్డిస్ తల ఎత్తదు. నారింజ ముక్క మీద కర్ర పెట్టి నలుపుతూ ఉంటుంది.

"అవును" అంటుంది. "కళ్లద్దాలు మార్చుకున్నాను."