రెండు నిలువుగీతల దగ్గర ఆగడం

సోంపేట దగ్గర ఊళ్లో మా మేనత్త ఆదివారం సంఘంలో పాటలు ఎత్తుతుంది. ఆవిడ మొదటి ముక్క అందుకోనిదే ఆ చర్చిలో ఎవరి గొంతూ లేవదు. అలాంటి మనిషికి చూపు మందగించింది. పల్లవులన్నీ నోటికొచ్చు, చరణాలే తడబడుతున్నాయి. ఓ ఆదివారం మూడో చరణం రెండోదానికన్నా ముందే పాడేసిందట. సాయంత్రం ఫోన్ చేసి, "ఇంక నానెత్తనే. అయ్యగారికీ సెప్పీసినాను, ఇంకొకల్ని సూసుకోమని" అంది. పాట లేకపోతే అత్తలో ఇంకేం మిగిలింది? నాకు ఆ పూట అన్నం దిగలేదు.

పలాసలో నాది డీటీపీ, జిరాక్స్ షాపు. ఆ సంఘం పాటల పుస్తకాన్ని టైపు చేసింది మేమే. ఫైలు నా పాత కంప్యూటర్లో ఉంది. ఫోన్‌లోకి పంపితే అదే చదివి చెవిలో వినిపిస్తుంది కదా అనుకున్నాను. ఫోన్ ఒక్క అక్షరం గుర్తుపడితే ఒట్టు! పాత ఫాంటు మరి. కంప్యూటర్లో చూస్తే చక్కటి తెలుగు, లోపలంతా ఇంగ్లిషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ.

"మళ్లీ టైపు కొట్టేయరాదా" అన్నాడు మా ఆయన. నాకు ఒళ్లు మండింది. కొట్టలేక కాదు. ఇదయ్యాక పక్క సంఘం పుస్తకం, దాని వెనక ఇంకోటి, అన్నీ ఆ ఫాంటులోనే చిక్కుకుని ఉన్నాయి. టెక్కలిలో కంప్యూటర్ డిగ్రీ చదివింది జిరాక్స్ మిషను మూత ఎత్తడానికేనా? పంతం పట్టి ప్రోగ్రాము రాశాను. ఏ గుర్తు ఏ అక్షరమో, ఏ వత్తు ఎక్కడ తగలాలో దానికి నేర్పాను. పాట నంబరు, పల్లవి, చరణం వేటికవి విడదీయమన్నాను. ఒక్క నొక్కుతో పుస్తకం మొత్తం ఫోన్ చదివే తెలుగులోకి మారిపోయింది. షాపులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా గంతులు చూసి నవ్వేవారు.

బస్సెక్కి వెళ్లి అత్త చేతిలో ఫోన్ పెట్టి, చెవిలో ఇయర్‌ఫోన్ గుచ్చాను. మొదటి పాట సగంలోనే చెవిలోది పీకేసింది.

"ఏటే ఇది? ఊపిరి తీసుకోనీదేటి? సరణం అవ్వకుండానే ఇంకో సరణం మీదకి గెంతేత్తంది. మరి పల్లవెవులు పాడతారు, మీ మావా?"

"ఇంత కష్టపడితే ఒక్క మంచి మాట లేదు!" అని నేనూ గయ్‌మన్నాను. తీరా పుస్తకం తెరిస్తే తప్పు నాదేనని తేలింది. మన పాటల పుస్తకాల్లో ప్రతి చరణం చివరా రెండేసి నిలువుగీతల మధ్య పల్లవి మొదటి మాట ఉంటుంది, ॥నీవే॥ అన్నట్టు. అక్కడ అందరూ పల్లవి అందుకోవాలి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే! చెత్త అనుకుని ప్రోగ్రాము చేత నేనే ఊడ్పించేశాను.

"పోనీ పల్లవి మొత్తం చదివించనా అత్తా?"

"వద్దే. పల్లవి నాకొచ్చు. అక్కడది నోరు మూసుకుంటే సాలు."

అలాగే మార్చాను. గీతలు రాగానే ఫోన్ ఆగిపోతుంది. సంఘం పల్లవి పాడుతుండగా అత్త వేలితో తాకితే, తర్వాతి చరణం చెవిలో పడుతుంది.

ఆదివారం వెనక బెంచీలో కూర్చున్నాను. అత్త ఆ పాటే ఎత్తింది, తను తప్పిన పాట. చెవిలో చరణం చదివి ఫోన్ ఆగింది, అత్త దాన్ని పాడింది, చర్చి మొత్తం పల్లవి అందుకుంది. మూడో చరణం మూడోదిగానే వచ్చింది. నేను రాసినవాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ ఆగడమే.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు దగ్గరికొచ్చి, "పాటలకి ఇంకొకరిని చూడమన్నావు కదమ్మా, మాట్లాడమంటావా?" అని అడిగారు.

అత్త చీరకొంగు సర్దుకుంది. "ఎవులన్నారు అయ్యగారూ? నానుండగా ఇంకొకలెత్తడవేటి!"