రెక్క కింద కట్టిన కెమెరా

మా బావ పోయాడు. కిందటి నెల ఒక పొద్దున అక్క ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ లేస్తలేడు, జెర జల్దీ రా" అంది. పటాన్‌చెరు నుంచి ఇంద్రేశం ఎంత దూరమని! అయినా నేను చేరేసరికి వాకిలి నిండా చెప్పులున్నాయి. షుగరు ఎప్పటినుంచో ఉంది, గుండె కూడా బలహీనంగా ఉందని డాక్టరు అన్నాడు. నిద్రలోనే పోయాడు.

నాకు పటాన్‌చెరులో వీడియో షాపుంది. పెళ్లిళ్లు తీసి బతికినవాణ్ని. అప్పగింతలప్పుడు ఎవరి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయో వెతికి పట్టుకుని అక్కడికి జూమ్ చేయడం నా వృత్తి. అలాంటివాణ్ని ఆ రోజు అక్క మొహంలోకి సూటిగా చూడలేకపోయాను. ఆమె ఏడవలేదు. నేను పక్కన కూర్చోగానే ఒకటే మాట అంది. "పైనుంచి పడకుంట ఆపుకున్న తమ్మీ. మంచంల పోయిండు."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. అది మీకు అర్థం కావాలంటే మా బావ ఆదివారాల గురించి చెప్పాలి.

బావ ఒక పెద్ద ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేసేవాడు. తయారై వచ్చిన ప్రతి వస్తువునూ అనుమానంగా చూడడమే అక్కడి ఉద్యోగం. ఆ అనుమానాన్ని గేటు దగ్గర వదిలిపెట్టకుండా ఇంటిదాకా తెచ్చుకునేవాడు. ఏది కట్టినా, ఏది బిగించినా చివర్లో ఒక్కసారి పట్టి లాగి చూడాల్సిందే. గ్యాసు పైపు, స్కూటరు అద్దం, గడియారం తగిలించిన మేకు, ఏదీ తప్పించుకోలేదు. పెళ్లికి పోతే పందిరి బొంగును ఊపి చూడనిదే దాని కింద కూర్చునేవాడు కాదు. నా పెళ్లిలోనూ అదే పని చేశాడు. మా మామగారు నొచ్చుకుని, "మా పందిరి కూలుతదనుకుంటున్నవా?" అని అడిగితే, "కూలదని తెల్సుకుంటున్న మామా" అన్నాడు.

ఇంత జాగ్రత్తపరుడు ఆదివారం వచ్చేసరికి ఇంజనే లేని విమానం ఎక్కేవాడు. నగరం అవతల ఒక పాత రన్‌వే మీద గ్లైడింగ్ క్లబ్ ఉండేది. అందులో బావ సభ్యుడు. నేల మీద ఒక యంత్రం పొడుగాటి తాడుతో లాగితే గ్లైడర్ పతంగిలా పైకి లేస్తుంది. పైన తాడు వదిలేస్తే ఇక గాలే దిక్కు. వేడిగాలి దొరికితే ఇంకా పైకి పోవచ్చు, దొరక్కపోతే దిగిరావాలి. నేను ఎన్నిసార్లు అడిగినా ఆయన చెప్పింది ఇంతే. అక్కడ ఏం బాగుంటుంది బావా అంటే మాత్రం నవ్వేవాడు.

ఆదివారం లేవగానే బావ డాబా ఎక్కి పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీ గొట్టాల్లోంచి వచ్చే పొగను చూసేవాడు. మిగతా ఊరంతా ఆ పొగను తిట్టుకునేది. బావ మాత్రం అది ఎటు వాలుతోందో, ఎంత నిటారుగా లేస్తోందో చూసి ఆనాటి గాలిని అంచనా కట్టేవాడు. ఆయన మెట్లు దిగుతూ ఈల వేస్తే గాలి బాగుందని, ఎగరడానికి పోతాడని మా అక్కకు తెలిసిపోయేది. ఆయన స్కూటరు మలుపు తిరగగానే బట్టలు ఉతకడం మొదలుపెట్టేది. మాసినవి అయిపోతే ఉతికినవే మళ్లీ ఉతికేది. సాయంత్రం స్కూటరు చప్పుడు వినబడగానే వంటింట్లోకి పోయి ఏమీ పట్టనట్టు గిన్నెలు సర్దేది.

అక్క స్వెట్టర్లు అల్లేది. వానలు తగ్గి, ఎగిరే రోజులు దగ్గర పడ్డప్పుడల్లా బావ ఆమె బుట్ట దగ్గర నిలబడి, "జెరంత ఎర్ర ఊలు ఇయ్యి. బెత్తెడు చాలు" అనేవాడు. అక్క కత్తిరించి ఇచ్చేది. దేనికని ఎప్పుడూ అడగలేదు. తాళాలకు కట్టుకుంటాడేమో అనుకునేది.

ఒకసారి పండక్కి నేను అక్కడ ఉన్నప్పుడే ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. "ఇద్దరు పిల్లలున్నరు. ఇగ బంద్ చెయ్యి" అంది అక్క.

"అక్కడ ఏముంటదో నువ్వు ఒక్కనాడు సూడలే. సూసినంక అను."

"నేను గక్కడికి రాను. సూపియ్యి. ఇంట్ల కూసోని సూస్త. నాకు భయం కాకపోతే పో, ఇగ నేనేమన. భయమైతే బంద్."

"మాటేనా?"

"మాటే."

మరునాడే బావ నా షాపుకు వచ్చాడు. అరచేతిలో ఇమిడే చిన్న వీడియో కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. నేనొకటి కొన్నాను. షాపుకు అదే అన్నం కుండ. "బామ్మర్దీ, దీన్ని గ్లైడర్ బయట కట్టాలె" అన్నాడు. లోపల పెడితే గాజు మూతలోంచి ఏమీ తెలియదట. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కెమెరా పడితే నా గతేమిటి అని నేను, కింద ఎవరి నెత్తి మీదనైనా పడితే ఎట్లా అని ఆయన. భయం ఇద్దరిదీ, కారణాలు వేరు.

క్లబ్ వాళ్లు పై అధికారులతో మాట్లాడి అనుమతి తెచ్చారు. కెమెరా చూపు నేల మీదికి కాకుండా గ్లైడర్ వైపే ఉండాలనీ, గ్లైడర్‌కు ఒక్క రంధ్రం కూడా పెట్టకూడదనీ షరతు. రెక్కకు ఊతంగా కింది నుంచి ఏటవాలుగా ఒక కడ్డీ ఉంటుంది. దానికి కట్టాలనుకున్నాం. పెళ్లి బరాత్‌లో జీపు మీద కెమెరాను ఎలా కాపాడుకుంటానో అలాగే, దెబ్బ తగలకుండా కింద మందంగా స్పాంజి వేసి, సైకిల్ ట్యూబు ముక్కలతో చుట్టూ బిగించాను. బావ పట్టి లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. రాలేదు. క్లబ్ ఇంజనీరు కూడా చూసి సరేనన్నాడు.

బావ ఎగిరి దిగాడు, కెమెరా పడలేదు. కానీ గాలికి ఆ స్పాంజి మీద అది వణుకుతుందని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అక్క టీవీ ముందు నిలబడే చూసింది, కూర్చోలేదు. తెర నిండా రెక్క, మలేరియా వచ్చిన మనిషిలా గడగడా వణుకుతోంది. ఇప్పుడో ఇంకాసేపటికో విరిగేలా ఉంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గిదా నువ్వు ఎక్కేది?"

"రెక్క ఊగలేదే. ఊగింది కెమెరా."

"కెమెరాను దేనికి కట్టిన్రు? దానికే గద?"

ఫ్యాక్టరీలో ఎన్ని వస్తువులను వెనక్కి పంపాడో గానీ, ఆయన తెచ్చిన వస్తువును ఒక మనిషి అలా తిరగ్గొట్టడం నేను చూడడం అదే మొదటిసారి. చివరికి నేనే బతిమాలాను. కట్టింది నేను, తప్పు మా కట్టుడులో ఉంది, ఇంకొక్కసారి చూడమన్నాను. అక్క "ఒక్కసారే" అంది.

ఆ వానాకాలమంతా బావ ఆ కెమెరా మీదే కూర్చున్నాడు. ఇక స్పాంజి లేదు. కడ్డీని రెండు వైపుల నుంచి కరిచి పట్టుకునేలా అల్యూమినియం పట్టీలు చేయించాడు. గీతలు పడకుండా లోపల పలచని రబ్బరు, వదులు కాని నట్లు, ఆ నట్లకు మళ్లీ తీగ ముడి. ఇవన్నీ వదిలేసినా కెమెరా కింద పడకుండా విడిగా ఒక పట్టా. "ఒకటి ఇడిస్తె ఇంకోటి పట్టుకోవాలె. మనిషికైనా గంతే" అనేవాడు. పాత కాగితాలు కొనేవాడి దగ్గర స్ప్రింగ్ కాటా అడిగి తెచ్చి, దాని కొక్కెం కెమెరా పట్టీకి తగిలించి నలువైపులా లాగి చూశాడు. తర్వాత దాన్ని నా వ్యాను పైన కడ్డీకి బిగించి హైవే మీద రుద్రారం దాకా పోయి వచ్చాం. బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలు, "ఏంది సార్ గది, సినిమానా?" అని అరిచారు. షాపుకు వచ్చి క్యాసెట్ వేసి చూస్తే రోడ్డు గుంతలకు వ్యాను ఎగిరింది గానీ తెరలో వ్యాను రేకు అదరలేదు. బావ చిన్నపిల్లాడిలా నా భుజం మీద చరిచాడు.

"ఈసారి రెక్కను తియ్యొద్దు, నన్ను తియ్యి" అన్నాడు. "మీ అక్కకు రెక్క మీద నమ్మకం లేదు. నా మీదన్న ఉన్నదేమో సూద్దాం."

అందుకని కెమెరాను కడ్డీ మీద పైలట్ వైపు తిప్పి బిగించాం. అప్పుడు చూశాను. పైలట్ ముందు గాజు మూత మీద నడిమధ్యన ఒక ఎర్ర దారం ముక్క అంటించి ఉంది. ఒక కొస టేపు కింద, ఇంకో కొస గాలికి. గ్లైడర్ సరిగ్గా ముందుకు పోతుంటే దారం నిటారుగా ఉంటుందట. పక్కకు జారుతుంటే వాలుతుందట. అది చూసుకుంటూ కాలితో సరిచేసుకోవాలట.

"గిది అక్క ఊలు కాదా బావా?"

"అవును. చెప్పకు. దేనికో తెలిస్తె మళ్ల ఇయ్యది."

పైకి లేచాడు. మొదట్లో అంతా బాగానే ఉంది. కాసేపటికి గ్లైడర్ తిరిగి రావాల్సిన చోటుకు రాకుండా చెట్ల వెనక కిందికి కిందికి పోయింది. జీపులో పోయి వెతికితే ఒక కోసిన జొన్న చేలో దొరికాడు. ఒంటి మీద గీత కూడా లేదు. చుట్టూ రైతులు, చేతిలో వాళ్లిచ్చిన మజ్జిగ గ్లాసు. ఇంకో చేత్తో కెమెరాను పట్టుకుని లాగి చూస్తున్నాడు. "కదల్లే బామ్మర్దీ!" అన్నాడు. అప్పుడు వచ్చిన కోపం నాకు ఇంకెప్పుడూ రాలేదు.

గాలి కిందికి నెట్టే రోజులు ఉంటాయట, గ్లైడర్లు చేలల్లో దిగడం మామూలేనట. బయట కట్టిన కెమెరా వల్లనా అని అడిగితే, ఇంత చిన్నదానితో ఏం కాదని క్లబ్ ఇంజనీరు అన్నాడు. బావ కూడా అదే అన్నాడు. నాకు మాత్రం ఆ ముల్లు ఇంకా మనసులోంచి పోలేదు.

మేము చేలో ఉన్నప్పుడు క్లబ్ నుంచి ఎవరో మా అక్క పక్కింటికి ఫోన్ చేసి, "సారు ఇంటికి వచ్చిండా?" అని అడిగారు. మంచికే అడిగి ఉంటారు. కానీ ఆ ప్రశ్న ఒక్కటి చాలు. మేము చేరేసరికి వాకిలి నిండా చెప్పులున్నాయి. ఆడవాళ్లు అక్కను పట్టుకుని గడప మీద కూర్చున్నారు. పిల్లలు ఏమీ తెలియక బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. బావ క్యాసెట్ చేత్తో పట్టుకుని నవ్వుతూ స్కూటరు దిగాడు. ఆ చెప్పులు చూసి నవ్వు ఆగిపోయింది.

అక్క అందరి ముందూ ఆయన చెయ్యి పట్టి, మోచేతి దాకా తడిమి చూసింది. తర్వాత "ఇగ చాలు" అంది.

"సరే" అన్నాడు బావ.

క్యాసెట్ ఎవరూ చూడలేదు. నేను తెచ్చి షాపులో పెట్టాను. బావ మళ్లీ గ్లైడర్ ఎక్కలేదు, ఆ ఊసే ఎత్తలేదు. అల్యూమినియం పట్టీని డాబా మీద టీవీ యాంటెనా గొట్టానికి బిగించాడు. ఒక గాలివానకు ఆ వరసలో యాంటెనాలన్నీ ఒరిగిపోయినా అది కదల్లేదు. ఆదివారాలు కూరగాయలు తెచ్చేవాడు, పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. కానీ పొద్దున్నే డాబా ఎక్కడం మాత్రం మానలేదు. పొగను చూసి నెమ్మదిగా మెట్లు దిగివచ్చేవాడు, ఈల లేకుండా. అక్క అది వినేది. ఈల లేకపోవడాన్ని కూడా మనుషులు వింటారు. ఆమె గెలిచిందనో ఆయన ఓడాడనో నేను అనలేను. ఆయన త్యాగం చేశాననే మొహం ఒక్కరోజూ పెట్టలేదు. అందుకే ఆమెకు తన తప్పొప్పులు ఎప్పటికీ తేలలేదు.

దినాలు అయ్యాక అక్క అడిగింది. "ఆ క్యాసెట్ ఉన్నదా తమ్మీ?"

సీడీలోకి ఎక్కించి తీసుకుపోయాను. మధ్యాహ్నం పూట, ఇంట్లో మేమిద్దరమే. ఈసారి అక్క కూర్చుంది. తెర మీద గాజు మూత వెనక బావ, ఇంకా నల్లటి జుట్టుతో. చిత్రం ఒక్కసారి కూడా అదరలేదు. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏమంటున్నాడో గాలి హోరులో వినపడదు. పాడుతున్నాడో, లెక్క పెట్టుకుంటున్నాడో. మొహం మాత్రం పందిరి బొంగును ఊపి చూసి, పర్లేదనుకుని కూర్చున్న మొహం.

అక్క లేచి టీవీ దగ్గరికి పోయింది. ఆయన మొహం మీద కాదు, దాని ముందు కనిపిస్తున్న ఎర్ర గీతలాంటి దాని మీద వేలు పెట్టింది.

"గిది నా ఊలు కాదా?"

ఇక దాచడం ఎవరికోసం? చెప్పాను. అది ఎందుకు అంటిస్తారో, ఆయన దాన్నే చూసుకుంటూ ఎట్లా నడిపేవాడో, ఆమెకు చెప్పొద్దని నాతో ఎందుకన్నాడో, అన్నీ చెప్పాను. అక్క తెర మీంచి వేలు తీయలేదు.

"కొస ఇడిపోతున్నది సూడు" అంది. "కొత్తది అడిగితె ఇయ్యకపోదునా."

తెర మీద గ్లైడర్ మలుపు తీసుకుంది. విడిపోతున్న ఆ కొస ఒక పక్కకు వాలింది. బావ దానివైపు చూశాడు, కాలు కదిపాడు కాబోలు. అక్క వేలు కింద దారం మెల్లగా మళ్లీ నిటారుగా వచ్చింది.