ఎడమచేతి ప్రత్యర్థి

ఒమాన్ మగవాళ్ల టెన్నిస్ జట్టుకి నేను తొమ్మిదేళ్లు ప్రత్యర్థిగా ఆడాను. ఇది విని నన్నేదో పెద్ద ఆటగాడనుకునేరు. మాది కాకినాడ. మస్కట్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో క్వాంటిటీ సర్వేయర్‌ని, అంటే కట్టబోయే గోడకి ఎంత సిమెంటు, ఎంత ఇనుము పడుతుందో లెక్కగట్టేవాణ్ణి. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో యూనివర్సిటీ తరఫున నాలుగు మ్యాచ్‌లు ఆడాను. వాటిలో మూడు ఓడిపోయాను. నాకున్న అసలు అర్హత వేరు. నాది పుర్రచెయ్యి.

చిన్నప్పుడు ఎడమచెయ్యి అన్నం మీదకి వెళితే మా అమ్మ ఆ చేతి మీదే ఒక్కటి వేసేది. బలపాన్ని కూడా కుడిచేతికి మార్పించింది. రాకెట్ పట్టుకునే వయసు వచ్చేసరికి ఆవిడ విసిగిపోయినట్టుంది, అదొక్కటీ ఎడమచేతిలోనే ఉండిపోయింది. దేశం కాని దేశంలో ఆ చెయ్యే నాకు నలుగురు మనుషుల్ని తెచ్చిపెడుతుందని అప్పుడు ఎవరికి తెలుసు?

చిన్న దేశాల జట్లకి ఒక పద్ధతి ఉంది. డేవిస్ కప్‌లో కింది గ్రూపుల దేశాలన్నీ ఒకే ఊళ్లో చేరి వారం రోజులపాటు ఆడతాయి. రెండు దేశాల మధ్య రెండు సింగిల్స్, ఒక డబుల్స్. ఎవరెవరు వస్తున్నారో కొన్ని వారాల ముందే తెలుస్తుంది. అవతలి దేశంలో ఎడమచేతివాడు ఉన్నాడనుకోండి, అలా ఆడే మనిషిని ఊళ్లో పట్టుకుని రోజూ అతనితో సాధన చెయ్యాలి. మస్కట్‌లో పనికొచ్చే ఎడమచేతివాళ్లు ఎంతమంది ఉంటారు? అందుకే నాకు ఫోన్ వచ్చేది. వీడియోలు పంపి ఇతనిలా ఆడు అనేవారు. ఒక ఏడాది ఒక దేశంవాడిలా, మరుసటి ఏడాది ఇంకో దేశంవాడిలా. కొన్ని ఏళ్లు అసలు ఎడమచేతివాడే ఉండేవాడు కాదు. ఫోనూ వచ్చేది కాదు. ఆ ఏళ్లలో నేను బౌషర్‌లో ఫ్లాట్ నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఫ్లాట్‌కి తిరుగుతూ, ముక్కూ మొహం తెలియని దేశాల ఆటగాళ్ల జాబితాలు ఇంటర్నెట్‌లో వెతుక్కునేవాణ్ణి, ఎక్కడైనా ఒక పుర్రచేతివాడు దొరుకుతాడేమోనని. నవ్వితే నవ్వండి.

క్లబ్బులో డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లే దారిలో గోడ పొడుగునా జట్టు ఫోటోలు ఉంటాయి. జట్టు పోటీకి వెళ్లిన ప్రతిసారీ ఒక ఫోటో. పాత వాటిలో రాకెట్ల తలలు చిన్నవి, నిక్కర్లు మరీ పొట్టివి. ఒక ఫోటోలో అన్న ఉంటాడు, పదేళ్ల తరవాత ఫోటోలో అతని తమ్ముడు. సన్నగా మొదలైనవాడు గోడ చివరికి వచ్చేసరికి పొట్ట పెంచి కెప్టెన్ కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఆ జట్టు చరిత్రంతా గ్రూపుల్లో పైకి ఒక మెట్టు, మళ్లీ కిందికి ఒక మెట్టు. పేపర్లో నాలుగు లైన్లకి మించి ఎవరూ రాయలేదు. ఆడేవాళ్లందరూ పొద్దున డ్యూటీకి వెళ్లి సాయంత్రం రాకెట్ పట్టుకునేవాళ్లే. ఒకడు పోలీసు, ఒకడు బ్యాంకు, ఒకడు ఇంకా చదువుకుంటున్నాడు. ఆ గోడ మీద నేను ఎక్కడా లేను, ఉండకూడదు కూడా. అయినా వెళ్లినప్పుడల్లా ఆ ఫోటోల ముందు కాసేపు ఆగేవాణ్ణి.

ఇప్పుడు చెప్పబోయేది జట్టులో అందరికన్నా పెద్దవాడి సంగతి. ముప్పై ఆరేళ్లవాడు, ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, సొంతూరు అల్ సువైక్. వాళ్ల ఊళ్లో దుకాణాలన్నీ మన దేశంవాళ్లవే కావడంతో హిందీ గడగడా మాట్లాడేవాడు. మా మాటలన్నీ ఆ హిందీలోనే. అతనికి అదే ఆఖరి పోటీ. ఆ తరవాత వదిలేస్తానని కెప్టెన్‌కి ముందే చెప్పాడు. గ్రూపులో నిలబడాలంటే ఏ దేశాన్ని ఓడించాలో అందరికీ తెలుసు. ఆ దేశంలో మొదటి సింగిల్స్ ఆడేది ఎడమచేతివాడు. వాడితో ఆడాల్సింది ఇతను.

“భాయ్, రెండు వారాలు నీ చెయ్యి నాకు కావాలి” అన్నాడు ఫోన్‌లో.

ఆ రెండు వారాలూ నా సెలవు. కాకినాడ వెళ్లాలి. అమ్మాయి ఇంటర్ కోసమని నా భార్య, అమ్మాయి అంతకు రెండేళ్ల ముందే వెళ్లిపోయారు. ప్రయాణం వాయిదా వేశానని మా ఆవిడకి ఫోన్‌లో చెప్పాను.

“వాళ్ల దేశం జట్టుకి మీకెందుకండీ అంత తాపత్రయం? వాళ్లలో ఎవరైనా ఒక్కరోజు మన ఇంటికొచ్చి టీ తాగారా?” అంది.

ఒళ్లు మండింది. మండడానికి కారణం, ఆవిడ అన్నది నిజం కావడమే. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, కానీ ముక్కు దాటి నోటిదాకా వచ్చిన పాపాన పోలేదు. పదిహేనేళ్ల గల్ఫ్ ఉద్యోగం నేర్పిన విద్య అది. ఆఫీసులో మేనేజరు, అదే ముదీర్, తప్పు లెక్క వేసినా ‘అలాగే సార్’ అంటాను, తరవాత నేనే కూర్చుని సరిచేస్తాను. వీసా, అకామా అనే నివాసపు కార్డు కాగితాల దగ్గర, క్యూలో ముందుకి దూరేవాళ్ల దగ్గర, ఎక్కడైనా సరే తల వంచుకుని పక్కకి జరగడమే. ఈ దేశంలో నన్ను ఎదురు నిలబడమని అడిగిన చోటు ఒక్క టెన్నిస్ కోర్టే.

రోజూ పొద్దున ఆరింటికి మొదలుపెట్టేవాళ్లం. ఎడమచేతివాడి సర్వ్‌లో ఒక విషం ఉంటుంది. కోర్టు ఎడమ సగంలోంచి కోసి కొడితే, బంతి నేలని తాకాక కుడిచేతివాడికి దూరంగా, అతని ఎడమ పక్కకి జారిపోతూనే ఉంటుంది. దాని వెంట పరుగెత్తితే కంచె దగ్గర తేలతాడు. దీనికి విరుగుడు ఒక్కటే. వెనక్కి తగ్గకుండా, ఏటవాలుగా ముందుకి ఒక అడుగు వేసి, బంతి పారిపోకముందే కొట్టాలి. చెప్పడం తేలిక. ముప్పై ఆరేళ్లు వెనక్కి జరగడానికి అలవాటుపడిన కాళ్లని ముందుకి వెయ్యమనడం వేరు.

మొదటి మూడు రోజులూ నేను నిజంగానే ఆడాను. సెట్లన్నీ నావే. మూడో రోజు అతను ఆట అయ్యాక కార్లో కూర్చుని స్టార్ట్ చెయ్యకుండా స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఉండిపోయాడు. నేను చూడనట్టు పక్కనుంచి వెళ్లిపోయాను. ఫ్లాట్‌కి వెళ్లి, ముందురోజు పప్పుచారు వేడి చేసుకుని తింటుంటే అదే గుర్తొచ్చింది. నలభై ఆరేళ్ల ఇటుకల లెక్కలవాడి చేతిలో ఓడిపోయి, ఏ మొహంతో విమానం ఎక్కుతాడు?

నాలుగో రోజు నుంచి మెత్తబడ్డాను. ఆ సర్వ్‌ని కాస్త లోపలికి, అతని చేతికి అందేలా వెయ్యడం మొదలుపెట్టాను. సెట్ ముగింపు దగ్గరికి వచ్చినప్పుడు నెట్‌లోకి ఒకటి, గీత అవతలికి ఒకటి. అందులో నా నైపుణ్యం చూడాలి, ఎవరికీ అనుమానం రాదు. ఆ రోజు అతను సెట్ గెలిచాడు. మొహం వెలిగిపోయింది. నెట్ దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

“శుక్రవారం మా తోటకి రా. భోజనం మాతోనే” అన్నాడు.

పదిహేనేళ్లలో ఈ దేశంలో నన్ను ఇంటికి భోజనానికి పిలిచిన మొదటి మనిషి అతను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాటకి నాకు కళ్లు చెమర్చాయి. శుక్రవారం అల్ సువైక్ వెళ్లాను. ఖర్జూరపు తోట పక్కన పొడుగాటి గదిలో కింద పరిచి పెద్ద పళ్లెం నిండా అన్నం, మాంసం పెట్టారు. అందరం దాని చుట్టూ కూర్చున్నాం. వాళ్ల నాన్న మెత్తటి ముక్కలు ఏరి ఏరి నా వైపు తోశాడు.

“రోజూ మా వాడి చేతిలో ఓడిపోతున్నది నువ్వేనా?” అని నవ్వాడు.

“నేనేనండీ” అన్నాను. గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. మళ్లీ రావాలని అందరూ అన్నారు. తిరుగుదారిలో కారులో పాట పాడుకున్నాను, ఎంత కాలానికో.

ఆ తరవాత రోజు నిజమైన సర్వ్ ఎలా వేస్తాను చెప్పండి? జాలితో మొదలుపెట్టిన పనిని ఆశతో కొనసాగించాను. అతను గెలుస్తుంటే నాకు ఒక ఇల్లు ఉంటుందనిపించింది. రెండు వారాలు పూర్తయ్యేసరికి అతను నా సర్వ్‌కి హాయిగా వెనక నిలబడి తిప్పికొడుతున్నాడు. “ఇప్పుడు భయం లేదు” అని చెప్పి విమానం ఎక్కాడు.

ఆ మ్యాచ్ రోజు నేను సహం అనే ఊళ్లో మా కంపెనీ సైట్‌లో ఉన్నాను. సెలవు అయిపోయింది కదా. సైట్ ఆఫీసులో కాగితాల మధ్య ఫోన్ నిలబెట్టుకుని చూశాను. అవతలివాడు కోర్టు ఎడమ సగంలోంచి వేసిన మొదటి సర్వ్ ఎడమ పక్కకి జారింది. మా వాడు నేను నేర్పిన చోటే, వెనకే నిలబడ్డాడు. బంతి అతన్ని ప్రకటన బోర్డుల దాకా లాక్కుపోయింది. రెండోదీ అంతే. ఐదో గేమ్ దగ్గర అతను ఒకసారి తన రాకెట్ వంక చూసుకున్నాడు. ఫోన్ తిప్పేశాను. మళ్లీ తిప్పి చూశాను. గంటలోపే అయిపోయింది. రెండో సింగిల్స్ కూడా పోయింది. జట్టు ఒక మెట్టు కిందికి దిగింది.

వారం తరవాత ఫోన్ చేశాడు. సాయంత్రం కోర్టుకి రమ్మన్నాడు. ఎందుకని అడగలేదు, అడగాల్సిన పని లేదు.

అతను అవతల నిలబడి, “ఎన్ని వదిలేశావు?” అన్నాడు.

“ఏవో ఒకటి రెండు...”

“భాయ్.”

“నాలుగో రోజు నుంచి అన్నీ” అన్నాను.

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. “సర్వ్ చెయ్యి. నిజమైనది” అన్నాడు. బుట్టలో బంతులన్నీ వేశాను. ఒక్కటి కూడా సరిగా అందుకోలేకపోయాడు. మర్నాడు మళ్లీ రమ్మన్నాడు. ఆ రోజు నాలుగైదు రాకెట్ అంచుకి తగిలాయి. మూడో సాయంత్రం, వెలుగు ఇంకా ఉండగానే, అతని కాలు కదిలింది. వెనక్కి కాదు, ముందుకి. నా సర్వ్ జారబోతుండగా మధ్యలో అందుకుని నా పక్కనుంచి కొట్టాడు. నేను చెయ్యి కూడా ఎత్తలేదు. ఇంకోటి వేశాను, అదీ అంతే. వరసగా ఆరు. ఇక పోటీ లేదు, ప్రత్యర్థి లేడు, జట్టులో అతనూ లేడు. మా ఇద్దరి మధ్య నెట్ మాత్రం ఉంది.

“భలే కొట్టావు భాయ్” అన్నాను.

అతను బంతులు ఏరి బుట్టలో వేస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు. “మొదట మూడు రోజులు వేశావు. ఇప్పుడు మూడు. ఆరో రోజుకి వచ్చింది. అప్పుడు మన దగ్గర పద్నాలుగు రోజులు ఉన్నాయి.”

నెట్ కింద ఉన్న బంతిని తీసి అతని బుట్టలో వేశాను.

“ఓడిపోతే ఓడిపోయేవాణ్ణి. అది నా సంగతి. నాకు రాదని నువ్వెందుకు అనుకున్నావు?”

జవాబు నా దగ్గర ఉంది. మొదట జాలి వేసింది, తరవాత నువ్వు భోజనానికి పిలిచావు, అందుకని. అది అతనికి చెప్పే మాట కాదు. క్షమించమన్నాను. అతను మర్యాదస్తుడు, దగ్గరికి వచ్చి చెయ్యి కలిపి, ఇంట్లో అందరూ క్షేమమేనా అని అడిగి మరీ వెళ్లాడు. ఇక్కడ కొత్తగా పరిచయమైన మనిషిని అలా అడుగుతారు.