బేతేలుకు ఫినాయిలు అభిషేకం

రాజుల పట్టాభిషేకాలు శాసనాలకెక్కాయి. యుద్ధాలు జరిగిన చోట స్తంభాలు లేచాయి. కానీ ఆక్లండ్ నగరానికి దక్షిణపు అంచున, టకానినిలో, ప్రతి శనివారం టిఫిను కాగానే ఆశీర్వాదం గారు తన కారవాన్ మరుగుదొడ్డిలో ఫినాయిలు పోసే ఘట్టాన్ని మాత్రం ఇంతవరకూ ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ చిన్న ప్రయత్నం.

ఆయన ముందుగా రబ్బరు బూట్లు తొడుక్కుంటారు. ఇండియన్ షాపులో కొన్న నల్ల ఫినాయిలు సీసా మూత తీసి ఒకసారి గుండెల నిండా వాసన పీలుస్తారు. మల్లెపూలు చూసినప్పుడు మామూలు మనుషుల ముఖంలో కనిపించే ప్రశాంతత అప్పుడు ఆయన ముఖంలో కనిపిస్తుంది. తరవాత బకెట్టు నీళ్ళలో ఫినాయిలు వంచుతారు. నీళ్ళు చిక్కటి పాలలా తెల్లబడాలి. మజ్జిగ తేటలా ఉంటే ఒప్పుకోరు, ఇంకాస్త వంచుతారు. ఆ పాలను మరుగుదొడ్డిలో పోసి, పెడలు నొక్కి, కారవాన్ అడుగున బిగించిన మురుగు ట్యాంకులోకి సాగనంపి, అవి అడుగుకు చేరిన చప్పుడు విన్నాక "ఆమేన్" అంటారు.

కారవాన్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. మామూలు ఇంటి మురుగును మునిసిపాలిటీ పట్టుకుపోతుంది. కారవాన్ మురుగుకు యజమానే మునిసిపాలిటీ. ట్యాంకులో దాచుకుని, డంప్ స్టేషన్ అనే చోటికి తీసుకెళ్ళి, గొట్టం బిగించి, వాల్వు లాగి వదిలి, నీళ్ళు పెట్టి కడుక్కోవాలి. ఆశీర్వాదం గారు తన కారవాన్‌కు 'బేతేలు' అని పేరు పెట్టి తలుపు మీద తెలుగులో రాయించుకున్నారు. దేవుని మందిరం అని అర్థం. ఆనాడు బేతేలులో యాకోబు రాతి మీద నూనె పోశాడు. ఈనాటి బేతేలులో ఫినాయిలు పోస్తున్నారు. కాలాన్ని బట్టి ద్రవాలు మారతాయి.

బేతేలును అమ్మిన తెల్ల పెద్దాయన తాళాలు చేతికిస్తూ ఒక ఉపదేశం చేశాడు. ట్యాంకు కడిగాక అడుగున కాసిని నీళ్ళు ఎప్పుడూ నిలవ ఉంచమన్నాడు, లేకపోతే చేరింది చేరినట్టు అంటుకుని గట్టిపడుతుంది. క్రిమిసంహారకాలు పోయవద్దన్నాడు. లోపల ఉన్నదాన్ని కరిగించేది బ్యాక్టీరియాయే, వాటిని చంపితే ఏదీ కరగదు, కంపు కొడుతుంది.

ఆశీర్వాదం గారి మనసు గాయపడింది. కృష్ణా జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో వార్డు బాయ్‌గా మొదలై, ఇక్కడ వృద్ధాశ్రమంలో కేర్‌గివర్‌గా స్థిరపడిన ఆయనకు ఉద్యోగ జీవితమంతా క్రిములతో యుద్ధమే. "ఫినాయిలు వాసన గేటు దాకా రావాలిరా, అప్పుడే రోగికి ధైర్యం" అని తొలిరోజే మేట్రన్ చెప్పిన మాట ఆయనకు బైబిలు వాక్యంతో సమానం.

"జీవితమంతా చంపినోళ్ళని ఇప్పుడు ఇంట్లో పెట్టుకుని మేపమంటాడేంటి!" అన్నారు ఇంటికొచ్చి.

కాబట్టి ఉపదేశాన్ని సరిగ్గా తిరగేసి చేశారు. కడిగిన ట్యాంకును చుక్క లేకుండా ఆరబెట్టారు. ఫినాయిలు ధారాళంగా పోశారు. లోపల బ్యాక్టీరియా చచ్చాయి. మిగిలినదానికి చావు లేకుండా పోయింది. కంపు పెరిగితే ఫినాయిలు పెరిగేది, ఫినాయిలు పెరిగితే కంపు పెరిగేది. ఈ రెంటి మధ్య ఉన్న బంధుత్వం ఆయనకు తప్ప వీధిలో అందరికీ తెలుసు.

చివరికి భార్య విక్టోరియా తీర్పు చెప్పింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఏ మాటైనా ఇంజెక్షన్ ఇచ్చినట్టు, ముందు ప్రేమగా పట్టుకుని చెబుతుంది.

"ఏవండీ, లేబర్ డే సెలవులకి ఎక్కడికి తీసుకెళ్తారో మీ ఇష్టం. కానీ ఈసారి గనక బేతేల్లో కంపొచ్చిందా, మధుసూదనరావు గారికి ఫోన్ చేసేస్తా. ఎప్పట్నించో దీన్ని కొంటానంటున్నారు పాపం."

"కంపు కాదే అది. ఫినాయిలు."

"ఫినాయిలు కిందేముందో వార్డులో పనిచేసేదాన్ని నాకు తెలీదా? చీము పట్టిన పుండు మీద సెంటు కొడితే మానుద్దా?"

ఇది చిన్న బెదిరింపు కాదు. ఇంట్లో టీవీ కూతురు ఫేబీది, వంటగది విక్టోరియాది, గరాజు పాత సామానుది. ఆశీర్వాదం గారికంటూ ఈ భూమ్మీద మిగిలింది బేతేలు ఒక్కటే. సాయంత్రాలు డ్యూటీ నుంచి రాగానే అందులో కూర్చుని, తలుపు వేసుకుని, గొంతెత్తి కీర్తనలు పాడుకుంటారు. ఇంట్లోకి వినపడదు. ఆ ఏర్పాటు ఇరుపక్షాలకూ సమ్మతమే. బేతేలు పోతే ఆయన పాడుకునే చోటు పోతుంది.

మహాసేనానులు యుద్ధభూమిని తామే ఎంచుకుంటారట. ఆయన బాగా ఆలోచించి, అన్నం దగ్గర ప్రకటించారు.

"రొటొరువా వెళ్దాం."

రొటొరువాలో పెద్ద చెరువు చుట్టూ భూమి అడుగు నుంచి వేడినీళ్ళు, మరిగే బురద, గంధకపు ఆవిరి పైకి తన్నుకొస్తుంటాయి. ఊరు ఊరంతా కుళ్ళిన కోడిగుడ్ల వాసన. అక్కడివాళ్ళకు అలవాటు, వచ్చేవాళ్ళకు వేడుక. ఒక మురుగు ట్యాంకును నిర్దోషిగా నిలబెట్టగల ఊరు ఈ దేశంలో ఉందంటే అదొక్కటే.

సెలవులకు విక్టోరియా తమ్ముడు సుబ్బారావు కూడా లోవర్ హట్ అనే పట్నం నుంచి కారేసుకుని అక్కడికే వచ్చాడు. బేతేలు తలుపు దగ్గర అడుగుపెట్టి, ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"బావా, ఇది రొటొరువా వాసనా, నీదా?"

"గంధకం రా. చర్మానికి మంచిది."

"మరి చెరువు గట్టు మీదకన్నా నీ గుమ్మంలో ఎక్కువుందేంటి? నీ ట్యాంకులో గానీ వేడినీటి బుగ్గ లేచిందా?"

"లోవర్ హట్ గాలి పీల్చేవాడివి, నీకు ప్రకృతి ఏం తెలుస్తుంది?"

"తెలిసింది కాబట్టే మోటెల్లో రూమ్ తీసుకుంటున్నా. నా చర్మం బాగానే ఉందిలే బావా."

ఫేబీ ఫోనులోంచి తలెత్తకుండా, "డాడ్, ఇట్స్ నాట్ ద లేక్" అంది. ఇక్కడ పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ తెలుగు మొహమాటం అర్థం కాదు.

విక్టోరియా న్యాయంగానే వ్యవహరించింది. లోపలికెళ్ళి వాసన చూసింది, బయటికొచ్చి చూసింది. మరిగే బురద దగ్గర నిలబడి చూసి మళ్ళీ లోపలికెళ్ళి చూసింది. చివరికి చేతులెత్తేసింది.

"చెప్పలేకపోతున్నానండీ. ఇక్కడ లోపలా బయటా ఒకటే కంపు. అనుమానం మీద మనిషిని శిక్షించకూడదు. ఉంచుకోండి మీ బేతేలు."

ఆశీర్వాదం గారు ఆ సాయంత్రం బేతేలులో కృతజ్ఞతా కీర్తన అందుకున్నారు. క్యాంపులో పక్క గుడారం వాళ్ళు దాన్ని ఇక్కడి మూలవాసులైన మావోరీల ప్రార్థన అనుకుని గౌరవంగా లేచి నిలబడ్డారు.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే డంప్ స్టేషన్‌కు వెళ్ళి గొట్టం బిగించి వాల్వు లాగారు. ట్యాంకు కాసేపు గొణిగింది, కొంత ఇచ్చింది, మిగతాది తన దగ్గరే ఉంచుకుంది. ఆయన కడిగి, విజయానందంలో సీసాలో మిగిలిన ఫినాయిలంతా లోపలికి వంచారు. ముక్కుకు రుమాలు కట్టుకుని దూరంగా నిలబడ్డ సుబ్బారావు బోర్డు చూపించాడు.

"బావా, క్రిమిసంహారకాలు వాడొద్దని రాసుంది."

"అది తెల్లోళ్ళకిరా. వాళ్ళు పేపరోళ్ళు. మనం నీళ్ళోళ్ళం, మనకి వర్తించదు. అయినా గెలిచాక ఇంకా రూల్సేంటి?"

"గెలిచింది నువ్వు కాదు బావా. భూగర్భం."

దారిపొడవునా ప్రతి మలుపులోనూ ట్యాంకులో పాలు చిలికిన చప్పుడు వినపడుతూనే ఉంది. ఆశీర్వాదం గారు స్టీరింగు మీద తాళం వేస్తూ పాడారు. ఆక్లండ్ పొలిమేరలో ఉన్న బాంబే హిల్స్ అనే కొండలు దిగుతుండగా, వచ్చే ఏడు బేతేలుకు కొత్త రంగు వేయిస్తానని కూడా అన్నారు. విక్టోరియా వద్దనలేదు.

ఇంటి ముందు కారు ఆగింది. చల్లటి గాలి, అప్పుడే ఎవరో కోసిన గడ్డి వాసన. రైస్ కుక్కరు తీసుకోవడానికి విక్టోరియా బేతేలు తలుపు తెరిచి, గడప మీదే నిలబడిపోయింది. ఒకసారి లోపలికి వాసన చూసింది, ఒకసారి బయటికి చూసింది. ఈసారి తేడా తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి ఫోను తీసింది.

"ఊరి వాసనే అది! బట్టలకి పట్టేసింది, ఉతికితే పోద్ది" అన్నారు ఆశీర్వాదం గారు.

"బట్టల పెట్టెలింకా కార్లోనే ఉన్నాయండీ" అంటూ ఆమె మధుసూదనరావు గారి నంబరు వెతుకుతోంది.

ఆయన గడ్డివైపు, కాంక్రీటు వైపు, పక్కింటి కంచె వైపు ఆశగా చూశారు.

టకానినిలో గంధకం లేదు.