మూడిళ్ల ఆట

నా చిన్నప్పుడు రియాద్‌లో మేము పద్నాలుగు గదుల మేడలో ఉండేవాళ్లమని మా మనవళ్లకు చెబుతుంటాను. వాళ్లు నోరు తెరుచుకుని వింటుంటే ఇంకో రెండు గదులు పెంచాలనిపిస్తుంది. మీరు పెద్దవాళ్లు, మీ దగ్గర దాచడమెందుకు? రియాద్‌లోని మలాజ్ పేటలో ఒక ఇంటి మేడమీద మాకున్నవి రెండే గదులు, ముందు కాస్త డాబా. రెండోదాన్ని గది అనడానికి కొంచెం గుండెధైర్యం కావాలి. అందులో ఒక మంచం వేస్తే ఇక తలుపు మూసుకునేది కాదు. నేను చెప్పబోయే ఆట ఆడిన రోజు వరకూ ఆ తలుపు మూసి ఉండగా చూడనే లేదు.

మా నాన్న కడప నుంచి వచ్చి ఏసీలు బాగుచేసేవాడు. ఊరు మొత్తానికి చల్లదనం ఆయన చేతిమీదుగానే వచ్చిందని అప్పట్లో నా నమ్మకం. ఇప్పటికీ దాన్ని పూర్తిగా వదులుకోలేదు. ఆ రోజుల్లో నలుమూలల నుంచీ జనం పనికోసం రియాద్‌కు దిగుతుండేవారు. ఇళ్లకు కటకట. మా ఇంటి ఓనరు మర్యాదగానే వచ్చి, మర్యాదగానే టీ తాగి, వచ్చే ఏడు నుంచి అద్దె పెంచుతున్నానని మర్యాదగానే చెప్పి వెళ్లాడు.

నాన్న ముందు మూడు దారులున్నాయి. పెంచిన అద్దె కట్టుకుంటూ అక్కడే ఉండడం ఒకటి. కంపెనీ తన పనివాళ్లకోసం ఊరి చివర కట్టించిన క్వార్టర్లలో నామమాత్రపు అద్దెకు చేరడం రెండోది. మమ్మల్ని కడప పంపించేసి, తాను నలుగురు మగవాళ్లతో ఒక గదిలో సర్దుకుని, మిగిలినదంతా పెట్టి ఊళ్లో ఇల్లు కొనడం మూడోది. అద్దె ఇసుకలో పోసిన నీళ్లేనని, కొనుక్కున్నవాడే తెలివైనవాడని తెలిసినవాళ్లంతా చెప్పారు. నాన్న మనసు అటే మొగ్గింది. మా పెట్టెలు మంచం కింద నుంచి బయటికి వచ్చాయి కూడా. అమ్మ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం దాటాక, అసర్ నమాజు అయ్యి నాన్న ఇంటికి రాగానే అమ్మ డాబామీద చాప పరిచింది. టీ, ఒక పళ్లెం నిండా ఖర్జూరాలు తెచ్చి పెట్టింది.

“ఏమయ్యా, ఏ ఇల్లు మంచిదో మాటల్లో యాడ తెలుస్తాది? మూడిండ్లల్లోనూ కాపురం చేసి చూద్దాం రా,” అంది.

మొదటి ఇంటికి ఓనరును నేను. అరబ్బుల్లా తలమీద తువ్వాలు వేసుకుని, దానిమీద మా అక్క రిబ్బను చుట్టుకున్నాను. అద్దె ఖర్జూరాల్లో. అమ్మ ఇంటికొక గుప్పెడు చొప్పున పళ్లెంలోంచి తీసి నాన్న చేతిలో పోసింది. నాన్న ఒక గుక్క టీ తాగితే ఒక అద్దె, చాప సర్దుకుంటే ఇంకో అద్దె. అసలు ఓనరు నాకన్నా ఎంతో దయగలవాడు. నాన్న చేతులు జోడించాడు. “సామీ, ఇంగ పండ్లు లేవు. గింజలుండాయి, తీసుకుంటావా?” నేను గింజలు కూడా తీసుకున్నాను.

రెండో ఇంటికి అక్క ముదీర్, అంటే కంపెనీ మేనేజరు. ముందు తాను పిలిచేదాకా నాన్నను మెట్లమీద నిలబెట్టింది. తర్వాత డాబా చివర ఎండమూల చూపించింది. అద్దె ఒక్క ఖర్జూరం. ఇంకో మూల కావాలని అడగకూడదు. “నేను చప్పట్లు కొడితే ఖాళీ చేసి పోవాల, తెల్సిందా?” అని వేలు చూపించింది. “అంతవరకూ అద్దె పెంచవు గదా, తల్లీ?” అన్నాడు నాన్న. అక్క కాసేపు ఆలోచించి, పెంచనంది. నాన్న తలమీద నా తువ్వాలు కప్పుకుని ఆ ఎండలోనే కాళ్లు చాపుకున్నాడు.

మూడో ఇంటికి అమ్మ పళ్లెంలో మిగిలిన ఖర్జూరాలన్నీ నాన్న ముందు పెట్టింది. పెట్టె తాళంచెవి తీసి చేతికిచ్చింది. “ఇది కడపలో నీ సొంతిల్లు. అద్దె లేదు, పొమ్మనేవాడు లేడు.” అని మా ఇద్దరి చేతులూ పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయింది. మంచం ఎత్తి గోడకు నిలబెట్టింది. తలుపు మూసి గడియ పెట్టింది.

బయట నాన్న నవ్వాడు. “ఏమే, తలుపు తియ్.”

“నువ్వు రియాద్‌లో ఉండావు. మేము కడపలో ఉండాము. రెండేండ్లకొకసారి సెలవిస్తారంట గదా, అప్పుడు రా,” అంది అమ్మ.

లోపల ఉక్క. కిటికీ లేని గది కాబట్టి ఒకరి మొహం ఒకరికి కనబడలేదు. అక్క కిసుక్కున నవ్వబోయి ఆగిపోయింది. బయట నాన్న ఏదో కూనిరాగం తీశాడు. టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆటలో నాకు భయం వేయడం అదే మొదలు.

మా నాన్న భుజంతో ఒక్క గుద్దు గుద్దితే తలుపు రెండు ముక్కలయిందని మనవళ్లకు చెబుతుంటాను. అబద్ధం. ఆయన తలుపు తట్టాడు. మెల్లగా, ఒంటి వేలితో, పరాయి ఇంటికి వచ్చినవాడిలా.

“సెలవు దొరికింది. రావచ్చునా?” అన్నాడు.

అమ్మ వెంటనే లేవలేదు. “ఇంత తొందరగా దొరికిందా?” అంది. అప్పుడు లేచి గడియ తీసింది.

మేము ఆ ఎండమూల క్వార్టరుకే వెళ్లాం. చుట్టూ ఇసుక, అంగడికి పోవాలంటే కంపెనీ బస్సుకోసం కాచుకోవాలి, అందరి గోడలకూ ఒకటే రంగు. ఆ గోడల మధ్యే అమ్మ నాకు పలకమీద అక్షరాలు దిద్దించింది. అద్దెలో మిగిలినది ఊరికి పంపగా పంపగా కడపలో ఇల్లు ఒక్కో గోడగా లేచింది. చాలా ఏళ్ల తర్వాత కంపెనీ నిజంగానే చప్పట్లు కొట్టింది. ఖాళీ చేశాం. కానీ ఆ కొత్త ఇంటి గడప నలుగురం ఒకేసారి దాటాం.

ఇప్పుడు మా అబ్బాయి అదే మలాజ్‌లో అద్దెకుంటున్నాడు. నేను విజిట్ వీసామీద వచ్చి వాడి సోఫా ఆక్రమించాను. అద్దె పెరిగింది, కంపెనీ ఇల్లు ఊరవతల ఉంది, హైదరాబాద్‌లో ఫ్లాటు కొని పెళ్లాం పిల్లల్ని పంపితే ఎలా ఉంటుందని మొన్న నన్ను అడిగాడు. ఇళ్ల లెక్కల్లో నాకన్నా ఘనుడు లేడు కాబట్టి వెంటనే సలహా ఇచ్చాను. లెక్కలన్నీ వేసుకో, కంపెనీ ఇల్లు ఎంత దూరమైనా వెళ్లి చూసి రా, అని. తర్వాత ఈ కథ చెప్పాను. తలుపు బద్దలు కాకుండానే చెప్పాను.

నిన్న సాయంత్రం వాడు ఆఫీసు నుంచి వచ్చాడు. జేబులో తాళంచెవి ఉంది, అయినా తలుపు తట్టాడు. ఒంటి వేలితో. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వింటే నా కాళ్లు వాటంతటవే లేస్తాయి. నిన్న మాత్రం చెవులు వినబడనట్టు కూర్చుని, తలుపు తీయడానికి వాడి కూతురిని పంపాను.